ఇథనాల్ తాగే ఇంజనుకు ఎంత పంపు కావాలి? ఆ ఖర్చు ఎవరు భరించాలి?

పంపు లెక్క మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అర్ధవీడు మండలంలోనే కాదు, కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు ఏ రైతును కదిలించినా బోరు ఎన్ని అడుగులు వేశాడో, ఎన్ని ఇంచీల నీళ్ళు పడ్డాయో, మోటారు ఎన్ని హెచ్‌పీదో, దానికి ఎన్ని స్టేజీల పంపు బిగించాడో తడుముకోకుండా చెప్తాడు. వెలిగొండ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ బోర్లనే నమ్ముకున్న ప్రాంతం మనది. ఈ చదువు మనకు అప్పులు చేస్తే వచ్చింది. లోతు పెరిగితే నీళ్ళు తగ్గుతాయి. వోల్టేజి పడిపోతే ఇంకా తగ్గుతాయి. పంపు మీద కంపెనీ రాసిన లీటర్లు ఒకటి, మన కాలువలో పడే లీటర్లు ఇంకొకటి.

ఇదే లెక్కను ఇంజను లోపల ఉండే చిన్న పంపుకు, అంటే ట్యాంకులోంచి ఇంజనుకు నూనె తోసే పంపుకు వేసి చూద్దామని ఈ నెల రాస్తున్నాం. ఇప్పుడెందుకంటే బంకులో మనం పోయించుకునే పెట్రోలులో అయిదో వంతు ఇప్పటికే ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో ఇ-20 పేరుతో మొదలుపెట్టి 2025 నాటికి దేశమంతా అదే పోస్తున్నారు. ట్రాక్టర్లను, పెద్ద ఇంజన్లను కూడా ఆ దారిలోకి తేవాలని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ తరచూ అంటున్నారు. డీజిల్లో ఇథనాల్ కలిపే ప్రయత్నం ఫలించలేదని, ఐసోబ్యూటనాల్ అనే ఇంకో రకం ఆల్కహాలు కలపడం మీద ప్రయోగాలు జరుగుతున్నాయని 2025 సెప్టెంబరులో ఆయనే చెప్పారు. రేపు మన దుక్కికి, కోతకు, బోరు బండికి ఏ నూనె పోయాలో ఢిల్లీలో తేలుస్తున్నప్పుడు దాని లెక్క మన దగ్గర కూడా ఉండాలి.

ముందు ఒక మాట. ఇథనాల్‌కు మేము వ్యతిరేకం కాదు. అది చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి వచ్చేది, రైతు చేతి పంట. ఇంజనుకు కూడా దానిలో కొన్ని మంచి గుణాలున్నాయి. పెట్రోలు కంటే ఆక్టేన్ ఎక్కువ కాబట్టి ఒత్తిడి పెంచినా ఇంజను కొట్టుకోదు. ఆవిరయ్యేటప్పుడు లోపలికి వెళ్ళే గాలిని చల్లబరుస్తుంది. అందుకే రేసు కార్ల వాళ్ళు దాన్ని ఇష్టపడతారు. అమెరికాలో ఇండీ రేసు కార్లు 2007లోనే ఇథనాల్‌కు మారాయి. చిక్కంతా ఒక్కచోటే ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉన్న సత్తువ లీటరు పెట్రోలులో ఉన్నంత కాదు. పెట్రోలులో 32 పాళ్ళు ఉంటే ఇథనాల్‌లో 21 పాళ్ళే. డీజిల్లో 36 పాళ్ళు. అంటే డీజిల్ వంద లీటర్లు చేసే పని ఇథనాల్‌తో చేయాలంటే సుమారు నూట డెబ్బై లీటర్లు కావాలి.

ఇక పంపు సంగతి. యాభై హెచ్‌పీ ట్రాక్టరు పూర్తి బరువు మీద పనిచేస్తే గంటకు దాదాపు పది లీటర్ల డీజిల్ తాగుతుంది. మామూలుగా మనం అంత బరువు వేయం కాబట్టి రొటావేటరు వేసినా ఆరేడు లీటర్లతో సరిపోతుంది. కానీ పంపు సైజు చూసేది మామూలు రోజుకు కాదు. నల్లరేగడిలో నాగలి దిగబడి, ఇంజను గుక్క తిప్పుకోలేని ఆ ఒక్క నిమిషానికి. ఆ నిమిషంలో ఇథనాల్ అయితే గంటకు పదిహేడు లీటర్ల చొప్పున తోయాలి. పంపు పాతబడినా, ఫిల్టరు సగం మూసుకుపోయినా నడవాలి కదా, దాని కోసం ఇంకో అయిదో వంతు కలపాలి. మొత్తం ఇరవై లీటర్ల పైమాట. డీజిల్‌కు పదీ పన్నెండు లీటర్లు ఇచ్చే పంపు ఉన్న బండిలో ఇథనాల్ పోస్తే ఏమవుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

మన ఊళ్ళోకి వచ్చే అన్నింటికంటే పెద్ద ఇంజను బోరు లారీ మీద ఉండే కంప్రెసరుది. మూడు, నాలుగు వందల హెచ్‌పీ ఉంటుంది. నాలుగు వందల హెచ్‌పీ ఇంజను నిండు బరువు మీద గంటకు ఎనభై లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. అదే ఇథనాల్ అయితే నూట ముప్పై అయిదు, పంపుకు కలపాల్సిన అయిదో వంతుతో నూట అరవై. డీజిల్ ఇంజను కాకుండా పెట్రోలు ఇంజనులా ప్లగ్గు పెట్టి మండించేదైతే ఇంకా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఆ రకం ఇంజను నూనెలోని సత్తువను డీజిల్ ఇంజనంత బాగా వాడుకోలేదు. పెట్రోలు ఇంజన్లకు మెకానిక్కులు వాడే మోటు లెక్క ఒకటుంది. హెచ్‌పీకి గంటకు మూడు వందల మిల్లీలీటర్లు, టర్బో ఉంటే మూడున్నర వందల పైన. ఇథనాల్ 85 పాళ్ళు ఉన్న నూనె అయితే దాని మీద మూడో వంతు ఎక్కువ. అచ్చం ఇథనాల్ అయితే దాదాపు సగం ఎక్కువ.

ఇంతవరకూ కాగితం మీది లెక్క. పంపు డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాస్తారే, అది చాలాసార్లు పైపుకు ఎదురు లేకుండా, ఒత్తిడి లేకుండా కొలిచింది. ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోలు బళ్ళలో పంపు మూడు బార్ల ఒత్తిడి మీద తోయాలి. మూడు బార్లంటే మన భాషలో వంద అడుగుల హెడ్. బోరులో పైపులు దించేకొద్దీ నీళ్ళు తగ్గినట్టే ఇక్కడా ఒత్తిడి పెరిగేకొద్దీ లీటర్లు తగ్గుతాయి. టర్బో ఉంటే ఆ ఒత్తిడి కూడా పంపు మీదే పడుతుంది. ఇక కరెంటు. డబ్బా మీది అంకె పదమూడున్నర వోల్టులకు చెప్పినది. బ్యాటరీ పాతబడి, వైరు సన్నగా ఉండి పన్నెండు వోల్టులే అందితే పంపు నీరసపడుతుంది. లో వోల్టేజికి మోటార్లు కాలబెట్టుకున్న మనకు ఇది వేరే వివరించాల్సిన పని లేదు. కాబట్టి పంపు కొనేవాడు అడగాల్సింది ఎన్ని లీటర్లని కాదు, ఎంత ఒత్తిడి మీద, ఎంత వోల్టేజికి ఎన్ని లీటర్లని.

పంపు ఒక్కటి పెంచితే సరిపోదు. బోరుకు పెద్ద మోటారు వేసి సన్న పైపు పెడితే ఏం లాభం? ట్యాంకు నుంచి వచ్చే పైపు, ఫిల్టరు, ఇంజెక్టరు రంధ్రాలు, కార్బురేటరు అయితే జెట్టు, అన్నీ అదే పాళ్ళలో పెరగాలి. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. గాలి అంతే వచ్చి నూనె చాలకపోతే మంట పలచబడి ఇంజను వేడెక్కుతుంది. చిన్న బరువు మీద ఏమీ తెలియదు. నిండు బరువు మీద, ఎండలో, గంటల తరబడి నడిపినప్పుడు పిస్టను చెప్తుంది.

డీజిల్ ట్రాక్టరుకు అంతకంటే పెద్ద సమస్య ఉంది. దాని ఇంజెక్షన్ పంపులోని ప్లంజర్లకు, నాజిళ్ళకు డీజిలే ఆయిలింగ్. ఇథనాల్‌కు ఆ జిడ్డు లేదు. పైగా డీజిల్లో అది సరిగా కలిసి ఉండదు, నీటి చెమ్మ తగిలితే విడిపోతుంది, ఒత్తిడికి దానంతట అది అంటుకోదు. ఇవేవీ దాటలేనివి కావు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో స్కానియా కంపెనీ ఇథనాల్ బస్సులు 1990 ప్రాంతం నుంచీ తిరిగాయి. ఎలా తిరిగాయంటే, డీజిల్ ఇంజన్లో పదహారు, పద్దెనిమిది ఉండే కంప్రెషన్‌ను ఇరవై ఎనిమిదికి పెంచారు. ఎక్కువ నూనె తోసే పంపు, పెద్ద ఇంజెక్టర్లు వేశారు. ఇథనాల్‌లో అంటుకునే గుణం కోసం, జిడ్డు కోసం వేరే మందులు కలిపారు. అంటే ఆ నూనె కోసమే ఇంజనును కట్టారు. మనకు అర్థం కావాల్సింది అదే. ఆ బస్సునే 2014లో నాగపూరుకు తెచ్చి తిప్పారు. తర్వాత మరికొన్ని వచ్చాయి. 2018కల్లా ఆగిపోయాయి. ఇంజను నడవక కాదు, నడిపించే ఏర్పాట్ల దగ్గర, డబ్బు లెక్కల దగ్గర కంపెనీకీ నగర పాలకులకూ పొసగక. ఒక కార్పొరేషనూ ఒక అంతర్జాతీయ కంపెనీ కూర్చుని తేల్చుకోలేని లెక్కను ఒక్కొక్క రైతు తన పాత ట్రాక్టరు మీద తేల్చుకోవాలంటే ఎలా?

చిన్న ఇంజన్ల దగ్గర ఆ భారం ఇప్పటికే మన మీద పడింది. మిరపకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే మిషను, పాత పెట్రోలు పంపుసెట్టు, పొలానికి మూటలు మోసే పాత బైకు, ఇవన్నీ కార్బురేటరు బళ్ళే. వాటి జెట్టు రంధ్రం కంపెనీలో ఎంత పెట్టారో అంతే. ఇ-20 పోసినప్పుడు దానంతట అది పెద్దది కాదు. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన వాహనాల్లో రబ్బరు, లోహం ఇథనాల్‌ను తట్టుకునేలా చేశారు, 2025 ఏప్రిల్ నుంచి ఇంజను కూడా ఇ-20కి సర్దాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు. అంతకుముందు కొన్న వాటి మాటేమిటి? మన మండలంలో ఎన్ని బైకులు 2023 తర్వాతివో ఎవరి వీధిలో వారు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు ధర సంగతికి వద్దాం. ప్రభుత్వం వేసిన కమిటీ, నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన నివేదికలో ఈ తేడాను దాచలేదు. పాత పద్ధతి కార్లలో ఇ-20 వల్ల మైలేజి 6 నుంచి 7 శాతం, బైకుల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని రాసింది. దానితో ఆగలేదు. ఆ తగ్గుదలకు పరిహారంగా ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలు పెట్రోలు కంటే తక్కువ ధరకు అమ్మాలని కూడా రాసింది. మొదటి సగం, అంటే కలపడం, గడువుకంటే ముందే అమలైంది. రెండో సగం అమలు కాలేదు. మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు 109 రూపాయలు దాటింది. నాలుగు శాతం మైలేజి పోయిందంటే లీటరుకు నాలుగు రూపాయలకు పైగా మనం పోయించుకోని పెట్రోలుకు డబ్బు కడుతున్నట్టు. రోజుకో లీటరు పోయించే వాడికి ఏడాదికి పదిహేను వందలు. స్ప్రేయరు, కోత మిషను కలిపితే ఇంకా పైన.

బ్రెజిల్ ఈ పని 1975లోనే మొదలుపెట్టింది. అక్కడ బంకులో ఇథనాల్ కలిపిన పెట్రోలు ఒక గొట్టంలో, అచ్చం ఇథనాల్ ఇంకో గొట్టంలో, రెండింటి ధరా బోర్డు మీద. 2003 నుంచి ఏది పోసినా నడిచే కార్లు వచ్చాయి. నడిపేవాడు బోర్డు చూసి మనసులో ఒక లెక్క వేసుకుంటాడు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటేనే ఇథనాల్ పోయించుకుంటాడు, లేదంటే పెట్రోలు. ఆ 70 శాతం ఎక్కడ్నుంచి వచ్చిందో పైన మనం చెప్పుకున్న 21, 32 చూస్తే తెలుస్తుంది. సత్తువను బట్టి ధర. మన దగ్గర బోర్డు మీద ఒకటే ధర, గొట్టంలో ఒకటే నూనె. ఇథనాల్ లేని పెట్రోలు కూడా దొరికేలా చూడాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు తలుపు మూసుకుంది కాబట్టి ఇక అడగాల్సింది ప్రభుత్వాన్నే.

ఇథనాల్ వల్ల రైతుకే లాభం కదా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్ళున్నారు. వారికోసం ఇంకో చిన్న లెక్క. క్వింటా మొక్కజొన్న నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2024-25లో మొక్కజొన్న ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు ఇచ్చిన ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. అంటే క్వింటాకు 2,730 రూపాయల ఇథనాల్, దాని మీద పశువుల దాణాకు పోయే పిప్పి వేరే. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర 2,400. ఫ్యాక్టరీ ఖర్చులు పోను ఇందులో మిగిలేది ఎంతో వాళ్ళకే తెలుసు, కానీ రైతుకు దక్కినదేమిటో మనకు తెలుసు. 2025 నవంబరులో పక్కనే కర్ణాటకలో మొక్కజొన్న పదహారు, పద్దెనిమిది వందలకు పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీకి లీటరు ధర ముందే కట్టి ఇస్తారు, గింజ పండించిన వాడికి మద్దతు ధర కాగితం మీదే ఉంటుంది. పండించేటప్పుడు తక్కువకు అమ్మి, తిరిగి అదే నూనెను సత్తువ తక్కువైనా పూర్తి ధరకు కొంటున్నాం. రెండు చివరలా మనమే.

ఈ నేపథ్యంలో మన సంఘం అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. నీతి ఆయోగ్ నివేదికలో ఉన్న ధర తగ్గింపును అమలు చేయాలి, అది ప్రభుత్వం తానే చెప్పిన మాట. పాత ఇంజన్లకు సరిపోయే జెట్లు, గొట్టాలు, సీళ్ళు ఆ కంపెనీలే మండల కేంద్రాల్లో న్యాయమైన ధరకు అందించేలా చూడాలి. డీజిల్లో ఐసోబ్యూటనాల్ కలిపే ముందు మన బరువు మీద, మన ఎండలో, పాత ట్రాక్టర్ల మీద చేసిన పరీక్షల ఫలితాలు తెలుగులో బయట పెట్టాలి. పది శాతం కలిపితేనే లీటరు సత్తువ రెండున్నర శాతం తగ్గుతుంది. అది బోరు బండి దగ్గర అడుగు రేటులో, కోత మిషను దగ్గర గంట రేటులో కలిసి చివరికి మన దగ్గరకే వస్తుంది. మొత్తంగా ఇథనాల్ మీద నడిచే ట్రాక్టరు అమ్మదలచుకున్న కంపెనీ, నిండు బరువు మీద గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందో డీజిల్ అంకె పక్కనే బిల్లు మీద రాసివ్వాలి. హెచ్‌పీ ఒక్కటి చూపించి అమ్మడం కుదరదు. మొక్కజొన్న విషయంలో, ఇథనాల్‌కు ధర కట్టే ప్రభుత్వమే ఫ్యాక్టరీ మద్దతు ధరకు కొన్నట్టు రసీదు చూపాకే బిల్లు చెల్లించాలని నిబంధన పెట్టవచ్చు.

అవి వచ్చేదాకా మన యంత్రాలను మనం కాపాడుకోవాలి కదా. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఎక్కువ రోజులు నిలవ ఉంటే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుక్కు దిగుతాయి. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ-స్ట్రోక్ స్ప్రేయరులో ఆ అడుగు నీరు ఇంజనులోకి వెళ్ళిందంటే దానితో ఆయిలు వెళ్ళదు, పిస్టను పట్టేస్తుంది. కాబట్టి మిరపకు మందులు అయిపోగానే ట్యాంకు వంచి ఖాళీ చేయండి, కార్బురేటరులో మిగిలినది అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. కలిపిన పెట్రోలు వారం, పది రోజులకు మించి క్యానులో ఉంచకండి, క్యాను మూత బిగించండి. పాత బైకుల్లో ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న తుప్పును, మడ్డిని ఊడదీసి ఫిల్టరులోకి తెస్తుంది. అప్పుడు పంపు ఎంత పెద్దదైనా నూనె అందదు, బండి ఎత్తు ఎక్కదు. ఇంజను విప్పేముందు ఫిల్టరు మార్చి చూడండి. గొట్టం మెత్తబడి ఉబ్బితే అదే రోజు మార్చండి. డీజిల్ ట్రాక్టరులో ఎవరేం చెప్పినా ఇథనాల్ గానీ పెట్రోలు గానీ కలపకండి, ఇంజెక్షన్ పంపు పోతే దాని బాగు ఖర్చు ఎంతో చేయించుకున్న వారిని అడిగితే తెలుస్తుంది. స్ప్రేయరు, బైకు మరమ్మతుకు ఇచ్చినప్పుడు బిల్లు తీసుకుని, ఏ భాగం ఎందుకు పోయిందో మెకానిక్ చేత రెండు ముక్కలు రాయించుకుని, గ్రామ కమిటీకి ఒక కాపీ ఇవ్వండి. మండల కమిటీ వాటిని పోగుచేసి వినతిపత్రంతో జత చేస్తుంది.